మెట్టూరు డ్యామ్ దిగువన గాలం: ఎర కలిపే ముందు నీళ్ల లెక్క చూసుకోండి

కొత్త నీరు తగలగానే బొచ్చె, రాగండి, మోసు లాంటి చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతాయి. దారిలో గోడ అడ్డం పడితే అక్కడే ఆగిపోతాయి. గేట్ల మీంచి దూకే నీళ్లలో ప్రాణవాయువు దండిగా ఉంటుంది. టర్బైన్లలో పడి దెబ్బతిన్న పరిగెలు దిగువన వాలుగకూ జెల్లకూ అప్పనంగా దొరికే తిండి. అందుకే ఏ డ్యామ్ కిందైనా చేప ఉంటుంది, దాని కోసం గాలం పట్టుకుని మనుషులూ ఉంటారు.

చెరువు గట్టు మీద కూర్చునేవాడికి ఎర గురించి ఆలోచిస్తే సరిపోతుంది. డ్యామ్ కింద అలా కుదరదు. ఏ నెలలో వెళ్లాలి, ఏ ఒడ్డున కూర్చోవాలి, ఎంత బరువు గుండు కట్టాలి, ఎప్పుడు సామాను సర్దుకోవాలి, ఇవన్నీ పైన ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారన్నదాన్ని బట్టే తేలతాయి. కాబట్టి ఇక్కడ కూడా నీళ్లతోనే మొదలుపెడదాం.

ముందు డ్యామ్ సంగతి

బెంగళూరులో ఉండి గాలం వేయాలనుకునేవారికి దగ్గర్లో పేరున్న డ్యాములు చాలానే ఉన్నాయి. గాలం వేయడానికి పనికొచ్చేవి మాత్రం తక్కువ. కృష్ణరాజ సాగర్ (కేఆర్‌ఎస్) కింద కొద్ది దూరంలోనే రంగనతిట్టు పక్షుల అభయారణ్యం. ఇంకా దిగువకు వెళితే ముత్తత్తి, భీమేశ్వరి, గాలిబోరె అంతా కావేరి వన్యప్రాణి అభయారణ్యం. ఒకప్పుడు అక్కడ మహశీర్ కోసం విదేశాల నుంచి వచ్చి మరీ గాలాలు వేసేవారు. ఆ రోజులు పోయాయి, ఇప్పుడు అభయారణ్యంలో చేప పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. హోసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ కింద, ముద్లాపుర నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల నదిని 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అదీ వదిలేయాల్సిందే. కృష్ణగిరి డ్యామ్ అన్నిటికన్నా దగ్గర. కానీ అందులోకి వచ్చేది బెంగళూరు మురుగు మోసుకొచ్చే దక్షిణ పెన్న నీళ్లు. అక్కడ పట్టిన చేపను ఇంటికి తేవాలని ఎవరికీ అనిపించదు.

మిగిలేది తమిళనాడులో కావేరి మీదున్న మెట్టూరు. హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, తొప్పూరు, మేచేరి మీదుగా సుమారు 190 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడున్నరకు ఎలక్ట్రానిక్ సిటీ దాటితే ఏడున్నర ఎనిమిదికి కావేరి ఒడ్డున ఉంటారు. శుక్రవారం సాయంత్రం బయల్దేరే ఆలోచన పెట్టుకోకండి, అత్తిబెలె దాటేసరికే ట్రాఫిక్‌లో సగం ఓపిక హరించుకుపోతుంది.

మెట్టూరు కింద నది మామూలు నది కాదన్నది ముందే తెలిసి ఉండాలి. డ్యామ్ నుంచి భవాని దాటేవరకు చెక్కానూరు, నెరింజిపేట, కోనేరిపట్టి, ఊరాట్చికోట్ట అంటూ కరెంటు కోసం కట్టిన బ్యారేజీలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని దగ్గర 30 మెగావాట్ల విద్యుత్ కేంద్రం. ఒక బ్యారేజీ వెనక నిలిచిన నీరు దాదాపు పై బ్యారేజీ పాదాల దాకా ఉంటుంది. అంటే ఇది పారే నది కన్నా మెట్లు మెట్లుగా పేర్చిన మడుగుల వరస అనుకోవడం మేలు. పై బ్యారేజీలో టర్బైను తిప్పితే మడుగు పొంగుతుంది, కింది బ్యారేజీలో తిప్పితే దిగుతుంది. వాన చినుకు పడకపోయినా, మెట్టూరు గేటు ఒక్కటి ఎత్తకపోయినా, గంటలో నీటి మట్టం మారిపోవచ్చు.

తేదీ ఎలా నిర్ణయించుకోవాలి

మెట్టూరు డ్యామ్ 1934లో పూర్తయింది. నిండు మట్టం 120 అడుగులు, నిల్వ 93.47 టీఎంసీలు. డెల్టా సాగు కోసం జూన్ 12న తెరిచి జనవరి 28న మూయడం ఆనవాయితీ. ఆనవాయితీయే గానీ గ్యారంటీ కాదు. 2022లో మే 24నే తెరిచేశారు, 2024లో జూలై 28 దాకా తెరవలేదు. క్యాలెండరు చూసి సెలవు పెట్టుకుంటే దెబ్బతింటారు, నీటి మట్టం చూసి పెట్టుకోవాలి.

సాగు నీళ్లు ఆపేశాక తాగునీటి అవసరాలకు కొద్దిగా వదులుతారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ సగం దాకా, నీళ్లు తేటపడి మడుగులు నిలకడగా ఉండే ఈ కాలమే బంగారుతీగ, రాగండి, మోసులకు అనువైనది. మే ఎండకు పగలు ఒడ్డున నిలబడలేం. ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత అయితే ఫరవాలేదు. వాలుగకూ జెల్లకూ మాత్రం నీరు కాస్త కలక మీద ఉంటేనే జోరు. జూన్, జూలైలో మొదటి ఎర్రనీరు దిగే రోజుల్లో ఎగబడి తింటాయి. చేపకు మంచి కాలం, మనిషికి చెడ్డ కాలం. ఆ రోజుల్లో ఎత్తైన గట్టు మీంచే గాలం వేయాలి, నది పడకలోకి దిగకూడదు.

బయల్దేరే ముందు మూడు రోజుల పాటు చూడాల్సిన అంకెలు నాలుగు: మెట్టూరు మట్టం, వచ్చే నీరు, వదిలే నీరు, పైన కేఆర్‌ఎస్, కబిని డ్యాముల పరిస్థితి. మెట్టూరు మట్టం 90 అడుగుల దగ్గర ఉంటే పైనుంచి ఎంతొచ్చినా పట్టుకోవడానికి చోటుంటుంది. అదే 118 దాటి ఉంటే వచ్చిన నీరు వచ్చినట్టే కిందికి పోతుంది. అప్పుడు కొడగులోనో వయనాడులోనో వాన పడిందంటే, కేఆర్‌ఎస్, కబిని నిండి ఉన్నాయంటే, రెండు రోజులకు అటూఇటూగా మెట్టూరు కింద ప్రవాహం పెరిగినట్టే లెక్క. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. కేఆర్‌ఎస్ మట్టం ఇక్కడి పేపర్లలో రోజూ వస్తుంది. చేప కోసం కాకపోయినా తాగునీటి బెంగతో దాన్ని చూసే అలవాటు ఈ ఊళ్లో అందరికీ ఉన్నదే.

వదిలే నీటిలో నదికి ఎంత, తూర్పు పడమర కాలువలకు ఎంత అన్నది విడిగా ఇస్తారు. మనకు కావలసింది నదికి వదిలేది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. రెండు వేల క్యూసెక్కుల లోపు ఉంటే హాయిగా వెళ్లండి. రెండు వేల నుంచి ఎనిమిది వేల మధ్య ఉంటే బరువైన గుండ్లు తీసుకుని మడుగుల అంచుల్లోనే వేయాలి. పది వేలు దాటితే ప్రయాణం మానుకోండి. చేప ఎక్కడో అడుగున రాళ్ల వెనక దాక్కుని ఉంటుంది, వేసిన ఎర నిలవదు, నిలబడిన చోటు నమ్మకం కాదు. అంకె తక్కువగా ఉన్నా మూడు రోజులుగా పెరుగుతూ వస్తుంటే వాయిదా వేయడమే మంచిది. తగ్గుతున్న ఎనిమిది వేల కన్నా పెరుగుతున్న మూడు వేలు ప్రమాదం.

అనుమతి

డ్యామ్, బ్యారేజీ, విద్యుత్ కేంద్రం చుట్టూ నిషేధిత ప్రాంతం ఉంటుంది. కంచె, బోర్డు కనిపించాక ఇక ఒక్క అడుగు ముందుకు వేయకండి. బ్యారేజీ వంతెన మీంచి గాలం జారవిడవడం అసలు కుదరదు. మిగతా నదిలో కూడా చేపల హక్కు స్థానిక మత్స్యకారులకు లైసెన్సుల మీద ఉండవచ్చు. మెట్టూరులో మత్స్యశాఖ కార్యాలయానికి ఫోను చేసి, ఏ ఊరి దగ్గర గాలం వేయవచ్చో, రుసుము ఏమైనా ఉందో, గుడ్ల కాలంలో ఆంక్షలు ఉన్నాయో అడిగి, చెప్పినవారి పేరు రాసి పెట్టుకోండి. ఒడ్డుకు చేరాక పుట్టి మీద తిరిగే జాలరిని కూడా అడగాలి. వాళ్లు రాత్రి వేసిన వలల మీదుగా మనం గుండు విసిరితే వలా పోతుంది, మన లైనూ పోతుంది. "తణ్ణి ఎవ్వళవు విడుఱాంగ?" అన్న ఒక్క అరవ ముక్క నేర్చుకుంటే చాలు, నీళ్లు ఎన్ని వదులుతున్నారో పేపరు కన్నా ముందే తెలుస్తుంది.

ఎక్కడ కూర్చోవాలి

డ్యామ్‌ను ఆనుకుని ఉన్న మొదటి మడుగు జోలికి పోకండి. నిషేధం సంగతి అలా ఉంచితే, మెట్టూరు ఊరి దగ్గర థర్మల్ కేంద్రం, రసాయన పరిశ్రమలు ఉన్నాయి. మురుగు కాలువ నదిలో కలిసే చోట పట్టిన చేప తినడానికి పనికిరాదు. పైగా లోతైన తూముల్లోంచి వచ్చే నీరు ఎండాకాలంలో చల్లగా, ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది, ఒక్కోసారి కుళ్లిన గుడ్డు వాసన కూడా వేస్తుంది. ఆ వాసన తగిలిన చోట చేప తినదు.

కారులో ఇంకాస్త దిగువకు, పూలంపట్టి, నెరింజిపేట వైపు వెళ్లండి. అక్కడ నది వెడల్పుగా, నిదానంగా ఉంటుంది. రెండు ఊళ్ల మధ్య పడవలు తిరుగుతాయి, సెలవు రోజుల్లో షికారుకొచ్చే జనం ఎక్కువ. పడవ దారికి కనీసం రెండు వందల మీటర్లు ఎడంగా ఉండాలి. పడవ రాక తప్పదనుకుంటే లైను మీద, రాడ్ కొనకు రెండు మీటర్ల ముందు, పది గ్రాముల చిన్న గుండు తగిలించి లైనును అడుక్కు దించండి.

ఒడ్డున పది నిమిషాలు ఊరికే నిలబడి చూస్తే చేప ఎక్కడుందో నది చెబుతుంది. ఒకవైపు వడిగా, పక్కనే నిదానంగా పారే నీళ్ల మధ్య సన్నటి గీత కనిపిస్తుంది, నురుగు, ఆకులు ఆ గీత మీదే కొట్టుకొస్తుంటాయి. రాగండి, మోసు ఆ గీతకు నిదానం వైపు మేస్తాయి. పెద్ద బండ వెనక నీరు సుడి తిరిగే చోట జెల్ల ఉంటుంది. మడుగు లోతు తగ్గి మళ్లీ పల్లంగా జారే తోకభాగం వాలుగది, చీకటి పడుతుండగా అక్కడికి వస్తుంది. వంపు తిరిగే చోట లోపలి ఒడ్డు మెరకగా ఉండి బంగారుతీగ బురదను కెలుకుతుంటుంది. నీళ్లపైన సన్నటి బుడగల గొలుసు కనిపిస్తే అది తింటున్నదన్న మాట. బొచ్చె సంగతి వేరు. అది అడుగుకు పెద్దగా దిగదు, నీళ్లలో తేలే సన్నటి ఆహారాన్ని వడకట్టి తింటుంది. పారే నీళ్లలో దాని కోసం పాటుపడటం కన్నా బ్యారేజీ వెనక నిలిచిన నీటిలో చూడటం నయం.

కూర్చునే చోటుకు ఇంకో షరతు. వెనకకు తిరిగితే నేరుగా గట్టెక్కే దారి ఉండాలి. నది మధ్య బండ, ఇసుక తిన్నె, పాయ దాటి వెళ్లాల్సిన లంక, ఎంత బాగా చేప దొరికే చోటైనా సరే, వద్దు. కారు నిలిపే ముందు చెట్ల మొదళ్లు, కంపలు చూడండి. పోయినసారి వరద తెచ్చిన చెత్త ఏ ఎత్తున చిక్కుకుందో దానికి పైనే నిలపాలి.

సామాను

రెండు రకాల చేపలకు రెండు సెట్లు కావాలి. ఒకే రాడ్‌తో రెండూ అనుకుంటే రెండింటికీ చెడతారు.

తీగ, రాగండి, మోసుల కోసం తొమ్మిది పది అడుగుల మీడియం రాడ్, 4000 సైజు స్పిన్నింగ్ రీలు, 0.35 మి.మీ. నైలాన్ లైను కనీసం 150 మీటర్లు. హుక్కు 6 లేదా 4 నంబరు. వాలుగకు మీడియం హెవీ రాడ్, 6000 రీలు, 30 పౌండ్ల అల్లిక లైను, కొనకు అర మీటరు 60 పౌండ్ల మందపాటి నైలాన్. వాలుగ పళ్లు ఆకురాయిలా ఉంటాయి, ఒక్క ఊపుతో తెంపవు, పెనుగులాట పొడుగునా లైనును అరగదీస్తాయి. అందుకే ఐదు నిమిషాలు లాగాక ఒడ్డు దగ్గర తెగుతుంది. చేప పట్టిన ప్రతిసారీ ఆ అర మీటరును వేళ్లతో తడిమి, గరుకు తగిలితే కోసి కొత్తది కట్టండి. హుక్కు 3/0 లేదా 4/0.

గుండ్లు 30, 60, 100 గ్రాములవి మూడు రకాలూ తీసుకెళ్లాలి. విసిరాక లైను బిగించి నిమిషం చూడండి. రాడ్ కొన టకటకమని కొట్టుకుంటూ కిందికి జరుగుతుంటే గుండు దొర్లుతోంది, బరువు పెంచాలి. పారే నీళ్లకు గుండ్రటి గుండు కన్నా పలక గుండు మేలు. కావేరి అడుగంతా రాళ్లు కాబట్టి గుండును అసలు లైనుకే కట్టేయకండి. దాని కోసం 0.20 మి.మీ. సన్న దారం ఒక జానెడు వాడండి. గుండు రాళ్లలో ఇరుక్కుంటే అదొక్కటే తెగి చేప మిగులుతుంది. ఈ జానెడు దారం లేక ఒక్క పూటలో పది హుక్కులు, ఎర ముద్ద పట్టించే స్ప్రింగులు రెండు, ముప్పై మీటర్ల లైను నదికి సమర్పించి వచ్చేవాళ్లు చాలామంది.

నైలాన్ ముడి బిగించే ముందు ఉమ్మి తడి చేయాలి, పొడిగా లాగితే ఆ రాపిడి వేడికి దారం బలం పోతుంది. అల్లిక లైనుకు పాలోమార్ ముడి (లైనును రెండు పేటలుగా హుక్కు కంట్లోంచి దూర్చి వేసేది) వేయండి, మామూలు మెలిక ముడి జారిపోతుంది. లైను ఎంత గుంజుకు జారాలో రీలు మీద బిగించే డ్రాగ్‌ను లైను బలంలో మూడో వంతుకు పెట్టాలి. స్ప్రింగు బ్యాలెన్సు ఉంటే లైనుకు తగిలించి లాగి చూసుకోవచ్చు. రాడ్ స్టాండు మీద పెట్టి టీ తాగడానికి వెళ్లేవారు డ్రాగ్ వదులుగా పెట్టి, రాడ్ పిడిని తాడుతో మేకుకు కట్టి వెళ్లండి. మూడు కిలోల బంగారుతీగ ఒక్క గుంజుతో రాడ్‌ను నీళ్లలోకి లాక్కుపోగలదు.

ఎర

వేరుశనగ చెక్క, తవుడు పశువుల దాణా అంగళ్లలో దొరుకుతాయి. చెక్కను దంచి జల్లించాలి. పలుకులు మిగిలితే ముద్ద పగుళ్లిచ్చి, విసిరేటప్పుడు గాల్లోనే రాలిపోతుంది. రెండు రాడ్లకు ఒక పగటికి ఈ కొలత సరిపోతుంది:

జల్లించిన వేరుశనగ చెక్క 1 కిలో
వరి తవుడు అర కిలో
మైదా 150 గ్రాములు
కరిగించిన బెల్లం 100 గ్రాములు
వేయించి పొడి కొట్టిన సోంపు రెండు చెంచాలు, మెంతులు ఒక చెంచా

పొడులన్నీ కలిపాక బెల్లం నీళ్లు, ఆపైన మామూలు నీళ్లు కొద్దికొద్దిగా చిలకరించండి. మొత్తం 600 నుంచి 700 మిల్లీలీటర్లు పడుతుంది. ఒకేసారి పోస్తే జావ అవుతుంది, మళ్లీ తవుడు వేస్తే మైదా పాలు తగ్గి నిలవదు. కలిపిన అరగంటకు చెక్క నీళ్లు పీల్చి గట్టిపడుతుంది, అప్పుడు ఇంకో గుక్కెడు పోయాలి. నిమ్మకాయంత ముద్దను ఒడ్డు పక్క నిలకడ నీటిలో వేసి చూడండి. పదీ పన్నెండు నిమిషాల్లో అంచుల నుంచి విచ్చుకుంటూ కరగాలి. రెండు నిమిషాల్లో చెదిరితే మైదా గుప్పెడు కలపండి. ఇరవై నిమిషాలైనా రాయిలా ఉంటే తవుడు కలపండి. నదిలో ఆ సమయం సగానికి పడిపోతుందని గుర్తుంచుకుని కాస్త గట్టిగానే ఉంచుకోవాలి. బెంగళూరులో రాత్రి కలిపి తెస్తే తెల్లారేసరికి పులుస్తుంది. పొడులు పొడిగా తెచ్చి ఒడ్డున కలుపుకోండి.

చెరువులో స్ప్రింగు చుట్టూ నాలుగు హుక్కులు గుచ్చుతారు. నదిలో రెండు చాలు, ఎక్కువైతే అన్నీ రాళ్లకే తగులుకుంటాయి. హుక్కు దారం ఎనిమిది సెంటీమీటర్లు. ప్రతి ఇరవై నిమిషాలకోసారి తీసి మళ్లీ ముద్ద పట్టించి అదే చోట పడేలా విసరాలి. అదే చోట పడాలంటే ఎదుటి ఒడ్డున ఒక చెట్టును గురి పెట్టుకుని, దూరం కోసం రీలు దగ్గర లైను మీద రంగు దారం ముడి వేసుకోండి. గంటకు మూడుసార్లు చొప్పున పై కొలత ఎనిమిది గంటలు వస్తుంది. ముద్దకు చిన్న చేపలు ఎగబడి హుక్కును ఖాళీ చేస్తుంటే రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించిన శనగలు వాడండి. హుక్కుకు కాకుండా దాని కింద వేలాడే సన్నటి దారానికి గింజ గుచ్చితే తీగ దాన్ని పీల్చి ఉమ్మేటప్పుడు హుక్కు దానంతటదే పెదవికి దిగుతుంది. ఓపిక ఉన్నవాళ్లకు ఇదే మంచి పద్ధతి. స్ప్రింగుకు రెండు మూడు కాట్లు ఎక్కువ రావచ్చు గానీ పెద్ద చేప గింజకే వస్తుంది.

పిల్లిమీసాల చేపలకు వాసన కావాలి. జెల్లకు ఎర్రలు నాలుగైదు కలిపి గుచ్చండి. లేదా కోడి కార్జం. కార్జం మెత్తగా ఉండి విసిరితే ఊడిపోతుంది కాబట్టి ఉప్పు చల్లి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, హుక్కుకు గుచ్చాక కుట్టు దారం నాలుగు చుట్లు చుట్టండి. వాలుగకు అక్కడే పట్టిన అరచేయంత చచ్చిన చేప, వీపులో హుక్కు గుచ్చి, మడుగు తోకలో వేయాలి. కాటు తగిలిన వెంటనే లాగకండి. ఎరను నోట కరుచుకుని కొంత దూరం పోయాక మింగుతుంది. లైను నిలకడగా సాగడం మొదలయ్యాక బిగించి ఒక్క ఊపు.

ఒడ్డున

మడుగు మొత్తం చచ్చినట్టు ఉంటే టర్బైన్లు ఆగి ఉన్నాయనుకోండి. పై బ్యారేజీ నుంచి నీరు కదలడం మొదలైన మొదటి గంటలో చేప మేతకు దిగుతుంది. అప్పటికి ఎర నీళ్లలో ఉండాలి. మట్టం పడిపోతున్నప్పుడు మెరక నుంచి లోతుకు జరిగిపోతుంది, కాబట్టి మీ గుండు కూడా పది మీటర్లు లోపలికి పోవాలి. మట్టం పెరుగుతోందా తగ్గుతోందా అన్నది కంటితో తెలియదు. రాగానే నీటి అంచున ఒక పుల్ల పాతి, దాని మీద కత్తితో గాటు పెట్టండి. పావుగంటకోసారి చూడండి. చేప కోసం చూసే ఆ పుల్లే మీ ప్రాణానికీ కాపలా.

పావుగంటలో బెత్తెడు పెరిగితే రాడ్లు చుట్టేయండి. నీరు హఠాత్తుగా రంగు మారినా, గుర్రపుడెక్క, కట్టెలు కొట్టుకురావడం ఎక్కువైనా, పైనుంచి హోరు వినిపించినా, సైరన్ మోగినా, పుల్ల వైపు చూడాల్సిన పని లేదు, అలాగే లేచి గట్టెక్కండి. చేప హుక్కుకు ఉంటే లైను కోసేయండి. సైరన్ మోగలేదు కదా అని కూర్చోకూడదు, గాలి ఎదురుగా ఉంటే కిలోమీటరు దూరానికే వినిపించదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీటికి బియాస్ నదిలో కొట్టుకుపోయిన 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు మన పిల్లలే. వాళ్లు నిలబడింది మోకాలి లోతు కూడా లేని రాళ్ల మీద. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. అలాంటివి ముందు రోజు పేపర్లో రావు.

లైఫ్ జాకెట్ వేసుకునే కూర్చోవాలి, కారులో ఉన్నది లెక్కలోకి రాదు. ఈత వచ్చినా సరే. ముగ్గురు వెళితే ఒకరి చూపు ఎప్పుడూ ఎగువకే ఉండాలి. మందు కొట్టేవాళ్లను ఒడ్డుకు తీసుకెళ్లకండి. కావేరిలో మొసళ్లున్నాయి, చేపను నీటి అంచున కడిగి పేగులు అక్కడే పారేయడం మానుకోండి. రాత్రి వాలుగ బాగా పడుతుందన్నది నిజమే గానీ కొత్త ఒడ్డు మీద చీకట్లో నీళ్ల మట్టం కనిపించదు. చీకటి పడ్డాక అరగంట, అంతే.

జెల్ల, ఇంగిలాయి చేతికొచ్చాక తొందరపడకండి. జెల్లకు వీపు మీద ఒకటి, మొప్పల పక్క రెండు ముళ్లు ఉంటాయి, ఇంగిలాయికి మొప్పల పక్కవి రెండే. దిగితే చేయి మొత్తం మంట. తడిగుడ్డతో తల వెనక గట్టిగా పట్టి, ముక్కుపటకారుతో హుక్కు తీయాలి. ముల్లు దిగితే విరిగిన ముక్క ఉందేమో చూసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచండి. ఆ విషం వేడికి విరిగిపోతుంది. వాపు పెరిగినా, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని ఏళ్లయినా ఆసుపత్రికి పోవాల్సిందే. ఫ్లాస్కులో వేడినీళ్లు టీకే కాదు, ఇందుకూ పనికొస్తాయి.

ఏది ఉంచుకోవాలి

బొచ్చె, రాగండి, మోసు, బంగారుతీగ కావేరికి సొంత చేపలు కావు, బయటి నుంచి తెచ్చి వదిలినవి. తినడానికి సరిపడా ఉంచుకోవచ్చు. కడుపు నిండా గుడ్లున్న చేపను మాత్రం వదిలేయండి. పెద్ద పొలుసుల మహశీర్ పొరపాటున తగిలితే నీళ్లలోంచి పైకి ఎత్తకుండానే హుక్కు తీసి పంపించాలి. కావేరి మూపురపు మహశీర్ అంతరించే అంచున ఉందని 2018లోనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ (ఐయూసీఎన్) జాబితాలో చేర్చారు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడితే మళ్లీ నదిలోకి వదలకండి, ఉన్న చేపలన్నిటినీ తినేసే రకం అది. పెంచడమే మన దేశంలో నిషేధం.

ఉంచుకున్న చేపను సంచిలో ఎండలో పడేస్తే మధ్యాహ్నానికే మెత్తబడుతుంది. పట్టగానే తల మీద కర్రతో ఒక దెబ్బ వేసి, మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, గట్టు మీదకు తీసుకెళ్లి పేగులు తీసి గొయ్యిలో పూడ్చండి. థర్మకోల్ పెట్టెలో కిలో చేపకు కిలో ఐసు, అడుగున ఒక వరస, మధ్యలో ఒక వరస, పైన ఒక వరస. కరిగిన నీరు పోవడానికి పెట్టె మూలకు చిన్న బెజ్జం ఉండాలి, లేకపోతే చేప ఆ నీళ్లలోనే నాని రుచి పోతుంది. ఆ నీరు కారు డిక్కీలోకి కారకుండా కింద ట్రే పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో తొప్పూరు ఘాట్ లారీల మధ్య చీకట్లో ఎక్కాల్సి వస్తుంది కాబట్టి, సాయంత్రపు వేట కోసం ఆగనివాళ్లు నాలుగున్నరకల్లా మెట్టూరు వదలండి.